మంచు కొండల్లో పెళ్లి: సంతకాలు ఊళ్లో, ఏడడుగులు కొండమీద

సంపాదకులు గారికి,

నమస్కారం. చలికాలం వచ్చిందంటే పత్రికల ఆదివారం అనుబంధాల్లో మంచు మధ్య నిలబడ్డ పెళ్లి జంటల ఫొటోలు కనిపిస్తున్నాయి. వెయ్యి మంది భోజనాలూ ఫంక్షన్ హాలూ వద్దనుకుని, పట్టుమని పది మందితో మనాలీ వైపు వెళ్లి మూడు ముళ్లు వేసుకుని రావాలన్న కోరిక మన పిల్లల్లో పెరిగింది. మంచి కోరికే. ఆ పూట మనసు పెళ్లివాళ్ల మీదే ఉంటుంది, అతిథుల మర్యాదల మీద కాదు. కానీ ఆ ఫొటోల కింద చీర రంగూ హోటల్ పేరూ తప్ప ఏమీ రాయరు. అది చూసి బయల్దేరినవాళ్లు ముహూర్తం వేళకి దారిలో ఇరుక్కుంటున్నారు, లేదా ఏడాది తర్వాత వీసా కోసం వెళ్లి పెళ్లి రుజువు లేదని తెలుసుకుంటున్నారు. ఈ ఏర్పాట్లు చూసే పనిలో ఉన్నవాళ్లం కనుక తెలిసినంత వివరంగా రాస్తున్నాం. దయచేసి ప్రచురించండి.

ముందు కాగితాల సంగతి. మంచులో ఉంగరాలు మార్చుకుని, ఒకరికొకరు రాసుకున్న మాటలు చదువుకుంటే చట్టప్రకారం పెళ్లి అయినట్టు కాదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోవాలంటే, ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. కూకట్‌పల్లి అమ్మాయి, గుంటూరు అబ్బాయి నేరుగా మనాలీ వెళ్లి నోటీసు ఇవ్వడం కుదరదు. నోటీసు ప్రకటించాక 30 రోజులు అభ్యంతరాల కోసం ఆగాలి. ఆ తర్వాత ముగ్గురు సాక్షులతో సంతకాలు. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే ఆ నోటీసు చెల్లదు, మళ్లీ మొదటి నుంచి రావాలి. ఫిబ్రవరి మూడో వారంలో కొండకు వెళ్లాలనుకుంటే డిసెంబరు మొదటి వారంలో నోటీసు ఇచ్చి, జనవరిలో సంతకాలు ముగించడం క్షేమం. మేం ఎవరికైనా మొదట చెప్పేది ఇదే: సంతకాలు సొంత ఊళ్లో పూర్తిచేసుకుని, కొండమీద వేడుక మాత్రమే పెట్టుకోండి. అప్పుడు దారి మూసుకుపోయి ముహూర్తం తప్పినా పెళ్లి తప్పదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. పాస్‌పోర్టుకీ, బీమాకీ, వీసాకీ లెక్కలోకి వచ్చేది సర్టిఫికెట్ మీది తేదీ. వార్షికోత్సవం ఏ రోజు చేసుకున్నా, దరఖాస్తుల్లో రాయాల్సింది ఆ తేదీనే.

ఇద్దరూ హిందువులై, సంప్రదాయ పద్ధతిలోనే చేసుకోవాలనుకుంటే 1955 నాటి హిందూ వివాహ చట్టం ఉంది. అందులోని 7వ సెక్షన్ ప్రకారం వధువు వైపు గానీ వరుడి వైపు గానీ ఆచారంలో ఉన్న తంతు జరగాలి. ఆ తంతులో సప్తపది ఉంటే ఏడో అడుగు పడ్డాకే పెళ్లి పూర్తయినట్టు. తంతు జరపకుండా సర్టిఫికెట్ మాత్రం తెచ్చుకుంటే ఆ చట్టం కింద అది పెళ్లి కాదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఫొటోగ్రాఫర్‌కి ముందే చెప్పి ఉంచండి: దేవదారు చెట్ల మధ్య నడిచే ఫొటోల సంగతి తర్వాత, హోమం, మంగళసూత్రధారణ, ఏడడుగులు, పురోహితుడు, సాక్షులు కనిపించే ఫొటోలు ముందు. రిజిస్ట్రేషన్‌కి వెళ్లినప్పుడు వయసుకి పదో తరగతి సర్టిఫికెట్, చిరునామాకి ఆధార్, పెళ్లి ఫొటోలు, సాక్షులతో పాటు శుభలేఖ కూడా అడుగుతారు. పది మంది పెళ్లికి శుభలేఖ ఎందుకని చాలామంది వేయించరు, అక్కడే చిక్కుకుంటారు. ఊరు, తేదీ, ముహూర్తం, రెండు కుటుంబాల పేర్లతో చిన్న కార్డు ఒక ఇరవై అచ్చు వేయించుకుంటే సరిపోతుంది. రాష్ట్రం బయట జరిగిన పెళ్లిని మీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఏ పత్రాలతో తీసుకుంటారో బయల్దేరకముందే వెళ్లి కనుక్కోండి. తిరిగొచ్చాక కనుక్కుంటే సాక్షులు ఒక ఊళ్లో, పురోహితుడు మరో ఊళ్లో ఉంటారు.

పెద్దల ఇష్టం లేకుండా వెళ్లేవాళ్లకు ఒక మాట. కొండల్లో దాక్కుంటే రక్షణ దొరకదు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండి ఉంటే ఎవరిని చేసుకోవాలన్నది వారి హక్కు. బెదిరింపులుంటే జిల్లా పోలీసు అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రక్షణ కోరవచ్చు. ఇలాంటి జంటలకు రక్షణ కల్పించాలని 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ పని ముందు చేసుకుని, ప్రయాణం తర్వాత పెట్టుకోవాలి.

ఇక తేదీ. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలై సంక్రాంతి దాకా ఉంటుంది, ఆ నెలలో మనకు ముహూర్తాలుండవు. ఇది మేలే. క్రిస్మస్, కొత్త సంవత్సరం రద్దీతో మనాలీ దారులు కార్లతో నిండిపోయేదీ, గదుల ధరలు ఆకాశాన్నంటేదీ ఆ రోజుల్లోనే. మిగిలేవి రెండు అదనులు: మార్గశిరంలో డిసెంబరు 15 లోపు, లేకపోతే మాఘ మాసం. కొన్నేళ్లలో శుక్ర మూఢమో గురు మూఢమో వచ్చి అవీ పోతాయి కనుక పంచాంగం చూశాకే టికెట్లు. సుమారు 2,050 మీటర్ల ఎత్తున్న మనాలీ ఊళ్లో డిసెంబరు మొదట్లో మంచు ఉంటుందని నమ్మకం లేదు. ఎండిన గడ్డీ ఆకులు రాలిన ఆపిల్ తోటలే కనిపించవచ్చు. మంచు కావాలంటే మాఘమే మేలు.

ముహూర్తం పెట్టించేటప్పుడు ఎక్కువమంది మరిచిపోయే విషయం ఒకటుంది. హైదరాబాద్‌కి గుణించిన లగ్నం మనాలీకి పనికిరాదు. హైదరాబాద్ 17వ అక్షాంశం మీద ఉంటే మనాలీ 32 దాటిన చోట ఉంది. అక్కడ మీన, మేష లగ్నాలు త్వరగా దాటిపోతాయి, ఒక్కోటి మన దగ్గరికంటే సుమారు పావుగంట తక్కువ. సిద్ధాంతి గారికి పెళ్లి జరిగే ఊరి పేరు చెప్పి, ఆ అక్షాంశ రేఖాంశాలకే గుణించమనండి. పగటి లగ్నమే అడగండి. రాత్రి పదకొండు గంటల ముహూర్తం మన ఊళ్లో మామూలే గానీ, జనవరి రాత్రి అక్కడ సున్నా కిందికి పోయిన చలిలో ఆరుబయట కూర్చోవడం పెద్దవాళ్లకు ప్రమాదం. ఫిబ్రవరి మధ్యలో మేష, వృషభ లగ్నాలు సుమారుగా పదికీ ఒంటిగంటకీ మధ్య పడతాయి. అంతకంటే అనువైన వేళ దొరకదు.

ఎందుకంటే లోయలో పగలు చాలా చిన్నది. క్యాలెండర్ ప్రకారం డిసెంబరులో సూర్యోదయం ఏడున్నర లోపే, సూర్యాస్తమయం ఐదున్నర లోపు. కానీ తూర్పు కొండ దాటి ఎండ కిందికి దిగేసరికి చాలాచోట్ల తొమ్మిది దాటుతుంది. మధ్యాహ్నం నాలుగు కాకముందే పడమటి కొండ నీడ పడుతుంది. నీడ పడిన పది నిమిషాల్లో చలి తేడా ఒంటికి తెలుస్తుంది. ముందు రోజు అదే చోట నిలబడి ఎండ ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో చూసుకుని, అన్నీ ఆ నాలుగైదు గంటల్లోకి సర్దుకోవాలి. పొద్దున తొందరపడి కారెక్కడం కూడా మంచిది కాదు. పగలు కరిగిన నీరు రాత్రికి రోడ్డు మీద అద్దంలా గడ్డకట్టి ఉంటుంది, నీడలో ఉండే మలుపుల్లో పది దాకా కరగదు. టైర్లు జారేది తాజా మంచు మీదకంటే దీని మీదే ఎక్కువ.

చోటు ఎంచుకోవడంలో మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ప్రైవేటు ఆపిల్ తోట, లేదా హోటల్ వెనక పెరడు అన్నిటికంటే మేలు. యజమాని ఒప్పుకుంటే చాలు, ముసలివాళ్లకు వెచ్చటి గది పది అడుగుల్లో ఉంటుంది. 1553లో కట్టిన హిడింబా దేవి ఆలయం పురావస్తు శాఖ రక్షణలో ఉంది. చుట్టూ దేవదారు వనం ఫొటోలకు బాగుంటుంది గానీ అక్కడ తంతు జరపాలన్నా, పెద్ద కెమెరాలతో చిత్రీకరించాలన్నా అనుమతి ముందే తీసుకోవాలి. అటవీ భూమిలో నిప్పు రాజేయకూడదు. అటల్ టన్నెల్ దాటి లాహౌల్‌లో సిస్సు వైపు వెళ్తే మంచు ఎక్కువే. 9.02 కిలోమీటర్ల ఈ సొరంగం 2020 అక్టోబరులో తెరిచాక అక్కడికి చేరడం తేలికైంది కూడా. కానీ మంచు పడగానే పోలీసులు నెహ్రూకుండ్ దగ్గరో సోలంగ్ దగ్గరో ఆపి ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ ఇంజనుతో తిరిగే) బళ్లనే వదులుతారు, కొన్ని రోజులు వాటినీ వదలరు. ముహూర్తం సొరంగానికి అటువైపు పెట్టుకోకండి. తంతు మనాలీలో ముగించుకుని, దారి తెరిచి ఉంటే మర్నాడు ఫొటోల కోసం అటు వెళ్లండి.

ఆ ఊళ్ల ఆచారాలు కూడా తెలుసుకుని వెళ్లాలి. మనాలీ ఎగువన గోశాల్, బురువా, శనాగ్, కులంగ్, పల్చాన్, కోఠి, సోలంగ్ లాంటి తొమ్మిది ఊళ్లు మకర సంక్రాంతి నుంచి 42 రోజులు మౌనం పాటిస్తాయి. దేవతలు స్వర్గానికి వెళ్లిన కాలమని వారి నమ్మకం. టీవీ, రేడియో పెద్దగా పెట్టరు, పొలం పనులు చేయరు. మన మాఘ మాసపు ముహూర్తాలు సరిగ్గా ఆ రోజుల మీదే పడతాయి. సన్నాయి, డోలు, స్పీకర్లు పట్టుకుని ఆ ఊళ్లకు వెళ్లడం తప్పు. మేళం కావాలంటే మనాలీ బజారు దిగువన, నగ్గర్ వైపు చోటు చూసుకోండి. లాహౌల్‌లోనూ సిస్సు పరిసర పంచాయతీలు ఇటీవలి ఏళ్లలో తమ శీతాకాలపు పండుగల కోసం కొన్ని వారాలు పర్యాటక కార్యక్రమాలు ఆపించాయి. గది బుక్ చేసేముందు ఆ పంచాయతీ నిర్ణయం ఏమిటో ఇంటివాళ్లనే అడగండి.

ప్రయాణం గురించి క్లుప్తంగా. భుంతర్ విమానాశ్రయం మనాలీకి సుమారు 50 కిలోమీటర్లే గానీ ఇరుకు లోయలో ఉంది, మబ్బు పట్టిందంటే విమానం రద్దవుతుంది. హైదరాబాద్ నుంచి చండీగఢ్‌కి విమానంలో వెళ్లి, అక్కడి నుంచి పగటిపూట కారులో వెళ్లడం నమ్మకమైన మార్గం. ముహూర్తానికి కనీసం మూడు రోజుల ముందు మనాలీ చేరాలి. ఒక రోజు దారి ఆలస్యాలకు, రెండు రాత్రులు ఒళ్లు అలవాటు పడటానికి. తిరుగు ప్రయాణానికీ ఒక రోజు అదనంగా ఉంచండి. బండి, డ్రైవరు అక్కడివాళ్లే అయి ఉండాలి. మైదానం నుంచి వచ్చిన బండిలోని డీజిల్ గట్టి చలికి చిక్కబడి ఇంజను స్టార్ట్ కాదు, ఆ డ్రైవర్‌కి మంచులో జారకుండా టైర్లకు చైన్లు వేయడం రాదు. తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతాయి. సిస్సు 3,000 మీటర్లు దాటిన చోటు కనుక చేరిన రోజే అక్కడ రాత్రి పడుకోకండి. లక్షణాలు తగ్గకపోతే కిందికి దిగడమే మందు. గుండె జబ్బు, ఆస్తమా ఉన్న పెద్దలను డాక్టరు సరేనంటేనే తీసుకెళ్లండి.

పూజాసామగ్రి దగ్గర మన పురోహితులు కూడా తడబడతారు, కారణం చలి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, దీపాలకు నువ్వుల నూనె వాడాలి. నెయ్యి రాయిలా అవుతుంది, చిన్న స్టీలు డబ్బాలో పోసి వేడినీళ్ల ఫ్లాస్కులో నిలబెడితే హోమం వేళకి కరిగి ఉంటుంది. గ్యాస్ లైటర్ నమ్ముకోకండి. అందులోని బ్యూటేన్ సున్నా దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, ఎంత నొక్కినా మంట రాదు. అగ్గిపెట్టెలు మూడు, లోపలి జేబులో. కర్పూరం బాగానే అంటుకుంటుంది. హోమానికి కట్టెలు పొడిగా ఉండాలి. అక్కడ బయట పెట్టిన కట్టె లోపలంతా తడే, పొగ తప్ప మంట రాదు. రెండు రోజుల ముందే కొని గదిలో పెట్టుకోండి. హోమగుండం మంచు మీద నేరుగా పెడితే వేడికి కింద కరిగి ఒకవైపు ఒరుగుతుంది. ఇటుకలు రెండు వరుసలు పరిచి, దాని మీద పెట్టాలి.

జీలకర్ర బెల్లం ఇంటి దగ్గర నూరి తీసుకెళ్తే గట్టిపడి తల మీద నిలవదు. మెత్తటి బెల్లం, వేయించని జీలకర్ర విడిగా పట్టుకెళ్లి, ఆ పొద్దున గోరువెచ్చని నీళ్లు ఒక చెంచా కలిపి నూరుకోవాలి. తమలపాకులు చలికి నల్లబడతాయి, తడిగుడ్డలో చుట్టి దుప్పటి మడతల్లో పెట్టండి. మల్లెలు మంచు తగిలితే గంటలో గోధుమరంగుకి తిరుగుతాయి. దండలకు బంతి, గులాబీ ఓర్చుకుంటాయి. అయినా థర్మకోల్ పెట్టెలో పెట్టి, కారు డిక్కీలో కాకుండా సీటు దగ్గర ఉంచాలి. తలంబ్రాల బియ్యం పసుపు కలిపాక ఎండలో పూర్తిగా ఆరనివ్వకపోతే ముద్దకట్టి రాళ్లలా తగులుతాయి. వాటిలో రంగురంగుల థర్మకోల్ పూసలు మాత్రం కలపకండి. మంచులో పడ్డ పూసను ఏరడం ఎవరి తరమూ కాదు, కరిగాక అన్నీ బియాస్ నదిలోకే పోతాయి. బియ్యం అయితే పిచ్చుకలు తింటాయి.

చెప్పుల్లేని కాళ్లు ఇంకో సమస్య. ఏడడుగులకూ మెట్టెలకూ బూట్లు తీయాల్సిందే. మంచు మీద టార్పాలిన్, దాని మీద ప్లైవుడ్ చెక్క, ఆపైన ఉన్ని తివాచీ పరిస్తే పాదాలు ఓర్చుకుంటాయి. ప్లైవుడ్ లేకపోతే తివాచీ పది నిమిషాల్లో కింద నుంచి తడుస్తుంది. ఆ రెండు ఘట్టాలూ వెంటవెంటనే జరిపించమని పురోహితుడికి చెప్పి, పక్కనే పొడి సాక్సులు పట్టుకుని ఒకరు నిలబడాలి. సన్నికల్లు ముందే ఎండలో పెట్టి ఉంచండి.

పట్టుచీర వద్దనక్కర్లేదు. జాకెట్టుని లోపలి చలిదుస్తులు (థర్మల్) వేసుకున్నాకే కొలత ఇచ్చి, నిండు చేతులతో కుట్టించుకోవాలి. ఇంటి దగ్గర మామూలుగా కుట్టించుకున్నది అక్కడ పట్టదు. లంగా కింద ఉన్ని లెగ్గింగ్స్. కుచ్చిళ్లు రెండంగుళాలు పైకి కట్టుకుంటే అంచు తడవదు. పంచె కింద తెల్ల థర్మల్ కనిపించదు. చలికి వేళ్లు సన్నబడి ఉంగరాలు జారిపోతాయి, మంచులో పడితే దొరకవు, కనుక ఫొటోల సమయంలో లోపలివైపు టేపు అంటించండి. గోరింటాకు బయల్దేరకముందే ఊళ్లో పెట్టుకోవాలి, చల్లటి చేతులకు ఎర్రగా పండదు. తలంటు ముందు రోజు మధ్యాహ్నమే కానివ్వండి. తడిజుట్టుతో బయటికి వెళ్తే మండపంలో కూర్చునే ఓపిక ఉండదు. మబ్బున్నా సరే, మంచు మీది వెలుతురుకి ముఖం కమిలిపోతుంది, సన్‌స్క్రీన్ ఇద్దరికీ అవసరం.

కెమెరా బ్యాటరీలు చలికి సగంలో ఆగిపోతాయి. అదనపువి ఒంటికి ఆనుకుని ఉండే జేబులో పెట్టుకుని మార్చుతూ ఉండాలి. బయటి నుంచి గదిలోకి తేగానే లెన్సు లోపల చెమ్మ పడుతుంది, బయటే జిప్ కవర్లో వేసి లోపలికి తెచ్చి, గంట ఆగాక తీయాలి. ఇంటి దగ్గరున్న అమ్మమ్మా తాతయ్యలకు వీడియోకాల్‌లో చూపించాలంటే తోటలో సిగ్నల్ ఎలా ఉందో ముందు రోజు అదే వేళకి చూసుకోండి.

హోటల్ ఎంచుకునేటప్పుడు బాల్కనీ నుంచి కనిపించే దృశ్యం కంటే ముందు మూడు ప్రశ్నలు అడగండి. పొద్దున ఆరింటికి కుళాయిలో నీళ్లు వస్తాయా, పైపుల్లో గడ్డకడతాయా? కరెంటు పోతే జనరేటరు మీద గది హీటర్లు నడుస్తాయా, లైట్లేనా? ఒక గీజరులో ఎంతమందికి మంగళస్నానానికి నీళ్లు కాగుతాయి? ఏ పరిస్థితిలోనూ బొగ్గుల కుంపటి మూసిన గదిలో పెట్టుకుని నిద్రపోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అలా నిద్రలోనే ప్రాణాలు పోయిన వార్తలు కొండ రాష్ట్రాల నుంచి ప్రతి చలికాలమూ వస్తాయి. వంట మీరే చేసుకునేట్టయితే ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. ఆ ఎత్తులో నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది.

పురోహితుడి విషయం కూడా తేల్చుకోవాలి. మన ఊరి నుంచి తీసుకెళ్తే వారి టికెట్టు, గది, స్వెటర్లు, బూట్లు అన్నీ మన లెక్కలోనే వేసుకోవాలి. ఆయన పంచె కట్టుకుని రెండు గంటలు నిప్పుకి ఒకవైపే కూర్చుంటారు, వెనక ఉన్ని రగ్గు కప్పే ఏర్పాటు చేయడం మన బాధ్యత. స్థానిక పండితుడు హోమం, సప్తపది చక్కగా చేయిస్తారు గానీ జీలకర్ర బెల్లం ఆయనకు తెలియదు. ఏ ఘట్టం తర్వాత ఏది రావాలో కాగితం మీద హిందీలో రాసి ముందు రోజు కూర్చుని మాట్లాడుకుంటే ఇబ్బంది ఉండదు.

ఇంత దూరం మంచు కోసం కాకుండా క్షేత్రం కోసం వెళ్లాలనుకునేవాళ్లకు ఉత్తరాఖండ్‌లోని త్రియుగినారాయణ్ ఉంది. శివపార్వతుల కల్యాణం జరిగిందని చెప్పుకునే చోటు, సుమారు 1,980 మీటర్ల ఎత్తు. చలికాలంలో కేదార్‌నాథ్ యాత్ర ఉండదు కనుక రద్దీ తక్కువ. అక్కడ ఆలయం వారి దగ్గర తేదీ ముందే ఖాయం చేసుకోవాలి, అఖండ ధుని (ఆరకుండా మండే హోమాగ్ని) ముందు తంతు వారి పద్ధతిలోనే జరుగుతుంది.

సంపాదకులకు మా మనవి ఒక్కటే. ఇలాంటి పెళ్లిళ్ల ఫొటోలు వేసినప్పుడల్లా పక్కన చిన్న పెట్టెలో నోటీసు గడువు, సాక్షుల సంఖ్య, రోడ్డు పరిస్థితి, ఆ ఊరి ఆచారం కూడా వేయండి. మాఘ ముహూర్తాలకు నోటీసు ఇవ్వాల్సింది డిసెంబరు మొదట్లోనే కనుక, ఈ ఉత్తరాన్ని నవంబరు దాటకముందే ప్రచురిస్తే ఈ ఏడాది బయల్దేరేవాళ్లకు అక్కరకొస్తుంది.

ఇట్లు,
పెళ్లి ఏర్పాట్లు చూసే ఇద్దరు పాఠకులు,
హైదరాబాద్